సొరకాయ తినని ఇల్లు

మా ఇంటిపేరును పరాయి నోట నేను మొదటిసారి విన్నది గల్ఫ్ దేశంలో, బర్కా అనే ఊర్లో, ఒక ఖర్జూరం తోటలో. గంగవాయిలి కూర తెంపుతూ వంగి ఉన్నాను. చెట్ల అవతల నుంచి మలయాళీ ఫోర్‌మన్ ఎవరినో కేకేసి పిలిచాడు. పిలిచింది మా ఇంటిపేరుతో. అది నా మగడి ఇంటిపేరు, నా కొడుకు ఇంటిపేరు. కొడుకు ఆ వేళకు తన కొట్టులో పంపు మోటార్లు విప్పుకుంటూ ఉంటాడు. మరి ఈ తోటలో ఆ పేరుతో పలికేదెవరు? చేతిలో కూర అట్లాగే పట్టుకుని నిలబడ్డాను.

ఇక్కడి గుర్తింపు కార్డులో మనవాళ్ళకు ఇంటిపేరు ముందు పడుతుంది. ముందున్నదే పేరనుకుంటారు వీళ్ళు. కన్నవాళ్ళు పెట్టిన పేరు కార్డు చివర్లో పడి ఉంటుంది, దాన్ని పలికే దిక్కుండదు.

నేను చదివింది మూడో తరగతి. మగడు పోయాక కొడుకు ఇక్కడికి తెచ్చుకున్నాడు. కొట్టుకు పక్కనే ఇల్లు, ఇంటి వెనక తోట. తోట ఆసామి ముసలి అరబ్బు. ఖర్జూరం చెట్ల మధ్య నీళ్ళు పారిన చోటల్లా గంగవాయిలి కూర తనంతట తనే మొలుస్తుంది. వాళ్ళకది కలుపు. తీసుకుపొమ్మన్నాడు ఆయన. అప్పటి నుంచి మా ఇంట్లో ఆకుకూర కొన్నది లేదు. కూర ఒక్కటే కాదు, రాలిన నిమ్మకాయ, పండి ఎర్రబడిన మిరపకాయ, ఏదీ విడిచిపెట్టను. వృథా పోయేది చూస్తే నాకు నిద్ర పట్టదు.

ఆ రోజు చెట్ల మధ్య నుంచి వచ్చినవాడు నలభై దాటిన మనిషి. తలకు తువాల, కాళ్ళకు తెగిన బూట్లు. నా చీర కట్టు చూసి ఆగాడు.

"అవ్వా, మన దిక్కేనా?"

"మాట ఇంటె తెలుస్తలేదా?"

"తెలిసింది తియ్యి. గింత గరమ్ మా దిక్కోల్లే ఉంటరు," అని నవ్వాడు.

"ఏ ఊరు నీది?"

ఊరి పేరు చెప్పాడు. అది వాళ్ళ అమ్మ పుట్టిన ఊరట.

"తల్లిగారూరు చెప్తవేంది? తండ్రికి ఊరు లేదా?"

"బాపు సచ్చిపోయినంక అమ్మ నన్ను సంకలేసుకొని పుట్టింటికొచ్చిందట. నాకు అప్పటికి ఏడాది నిండలే. బాపు ఊరు అమ్మ ఎన్నడు నోట తియ్యలే. ఇంటిపేరొక్కటే ఉన్నది నాకాడ."

నేను కూర మూట ఎత్తుకుని ఇంటికి వచ్చేశాను.

మా ఇంటిపేరు ఒక ఊరి పేరు. మామ చెప్పేవాడు: గోదావరి పొంగి ఆ ఊరి మీదికి వచ్చిన ఏడు, మా ముత్తాత ఎండిన సొరబుర్రలు నడుముకు కట్టుకుని, పెళ్ళానికీ ఇద్దరు పిల్లలకూ కట్టి, అందరినీ ఈదించుకుంటూ ఇవతలి గడ్డకు చేర్చాడట. ఇవతలి ఊరివాళ్ళు ఫలానా ఊరోళ్ళు వచ్చారన్నారు. అదే ఇంటిపేరై నిలిచింది. ఆ ఊర్లో బతికినన్నాళ్ళు వాళ్ళకు ఆ పేరు లేదు. ఊరు విడిచినవాళ్ళకే ఊరు పేరవుతుంది. ఇప్పుడు ఆ ఊరు కూడా లేదు, డ్యాము నీళ్ళ కింద ఉంది.

ఆ వరదకు ఆ ఊరు విడిచింది మావాళ్ళొక్కరే కాదు. కుమ్మరివాళ్ళు, సాలెవాళ్ళు, మంగలివాళ్ళు, అందరూ తలా ఒక ఊరికి పోయారు. అందరికీ అదే ఇంటిపేరు. కాబట్టి ఇంటిపేరు కలిసినంత మాత్రాన పాలోళ్ళు అయిపోరు. పాలోళ్ళంటే ఒక్క రక్తం వాళ్ళు. చావుకు మైల పట్టేవాళ్ళు, పాడె మోసేవాళ్ళు. మా పాలోళ్ళకు గుర్తు ఒక్కటే. ప్రాణం కాపాడిందని మా ఇంట్లో సొరకాయ తినరు. పాదు పెట్టరు, ఇంట్లోకి రానివ్వరు. ఈ సంగతి బయటివాళ్ళకు చెప్పుకోరు.

అతడు ప్రతి శుక్రవారం, డ్యూటీ లేని రోజు, నా కూర సంచి మోసి గేటు దాకా తెచ్చిపెట్టేవాడు. నేను రమ్మనలేదు, వద్దనలేదు. గుక్కెడు మజ్జిగ పోస్తే తాగి పోయేవాడు. భార్య, ఇద్దరు ఆడపిల్లలు ఇంటి దగ్గర ఉన్నారని చెప్పాడు. అట్లా రెండేళ్ళు గడిచాయి.

ఆ రెండో చలికాలం తోట కంచె మీద ఎవరో పెట్టిన సొరపాదు విరగ కాసింది. ఫోర్‌మన్ ఎవరికి కావాలన్నా కోసుకోమన్నాడు. నేనే అన్నాను అతడితో, "రెండు కోసుకపో, రూముల వండుకోండ్రి."

"నేను తినను అవ్వా. అమ్మ తిననియ్యలే. బాపు ఇంట్ల తినరంట. ఎందుకో ఆమెకు గూడ తెల్వదు."

నా చేతిలో కొడవలి ఉంది. దాన్ని కింద పెట్టాను.

"నువ్వెందుకు కొయ్యవు మరి?" అన్నాడు.

"నాకు వాతం చేస్తది."

"తోటల రాలిన మిరపకాయ గూడ ఇడిసిపెట్టవు. ఫోర్‌మన్ నిన్ను చూసి నవ్వుతడు, ముసలామె చీమలకు గూడ మిగులియ్యదని. నిరుడు గూడ గీ కంచె మీద కాసింది. ఒక్క కాయ ముట్టలే నువ్వు. నేను చూసిన. నీ కొడుకు కొట్టు మీద రాసింది గూడ నా ఇంటిపేరే."

అతడు సంచి పక్కన గొంతుక్కూచున్నాడు.

"చిన్నమ్మా," అన్నాడు.

తండ్రి తమ్ముడి పెళ్ళాన్ని పిలిచే పిలుపు అది. తండ్రికొక తమ్ముడున్నాడని తల్లి చెప్పి ఉంటుంది. నా మగడికి ఒకే ఒక్క అన్న.

"అందరన్నట్టు అవ్వా అను," అన్నాను.

"బువ్వ అడుగుతలేను. జాగ అడుగుతలేను. ఒక్క మాట చెప్పు. మా అమ్మ సచ్చినప్పుడు పాడె పట్టెటోల్లు లేకపాయిరి. నీ పాలోల్లు ఏరి అన్నరు ఊర్లె. ముగ్గురు కూలోల్లను పిలుసుకొచ్చిన, నేనొక మూల వట్టిన. నాకిద్దరు ఆడివిల్లలే. రేపు నాకేమన్న అయితే నా పెండ్లం ఎవ్వల పిలుస్తది? ఫలానా ఇల్లు మీదని చెప్తే ఫోన్ చేసి చెప్తా దానికి. గంతే."

అతడు అడిగినదాని జవాబు నాకన్నా బాగా తెలిసినవాళ్ళు ఎవరూ బతికి లేరు.

మా బావ, అంటే మా ఆయన అన్న, బొగ్గు గనుల వైపు కూలికి పోయి వేరే కులం మనిషిని తెచ్చుకున్నాడు. అత్త ఆమెను పశువుల కొట్టం దాటి లోపలికి రానివ్వలేదు. పిల్లవాడు పుట్టిన కొన్ని నెలలకు బావ పాము కరిచి పోయాడు. పదకొండో రోజు పొద్దున అత్త నన్ను పిలిచి, "దాని మూట బయట వెట్టు" అంది. నేను కొత్త కోడలిని. ఎదురు చెప్పలేకపోయానని ఇన్నేళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. నిజమేమంటే ఆ మనిషి పోతే వంటిల్లు నాది అవుతుందని లోపల అనిపించింది. మూట ఎత్తి వాకిలి అవతల పెట్టాను. ఆమె పిల్లవాడి బొంత ఒకటి లోపల మరిచింది. అది కూడా తెచ్చి మూట మీద వేశాను. అప్పుడామె నా మొహం చూసింది.

మనోడివే అని ఒప్పుకుంటే అతడి నోట తరువాతి ప్రశ్న ఇదే వస్తుంది. మమ్ముల ఎల్లగొట్టింది ఎవ్వలు?

"ఆ ఇంటిపేరు కుమ్మరోల్లకున్నది, సాలోల్లకున్నది," అన్నాను. "పది ఊర్లల్ల ఉన్నరు. ఏ ఇల్లని చెప్పాలె? సొరకాయ తిననోల్లు లోకంల శానమంది ఉంటరు. ఊకె మనసుల పెట్టుకోకు."

అతడు లేచి తువాల దులిపి భుజాన వేసుకున్నాడు. సంచి ఎత్తుకుని గేటు దాకా వచ్చాడు. అలవాటు ప్రకారం మజ్జిగ పోశాను. తాగి, "పోయొస్త అవ్వా" అన్నాడు. మళ్ళీ ఎన్నడూ చిన్నమ్మ అనలేదు, ఆ మాట ఎత్తలేదు. శుక్రవారం రావడం మాత్రం మానలేదు. అదే నాకు ఎక్కువ బరువనిపించేది. కోపం తెచ్చుకుంటే బాగుండు అనుకునేదాన్ని.

ఎండాకాలంలో ఖర్జూరం గెలలు కోసే రోజుల్లో చనిపోయాడు. మధ్యాహ్నం పంపు రూమ్ గోడ నీడలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడట. గుండె ఆగిందని దవాఖానలో చెప్పారు.

మరునాడు మేం తింటుండగా తోట ఆసామి మా వాకిట్లోకి వచ్చాడు. ఈ ముసలాయన తన పేరు చెప్పమంటే తండ్రి పేరు, తాత పేరు, ముత్తాత పేరు వరసగా చెప్పి చివర తెగ పేరుతో ముగిస్తాడు. తెగను ఖబీలా అంటారు వీళ్ళు. చేతిలో చనిపోయిన మనిషి కార్డు ఉంది. నా కొడుకుతో హిందీలో మాట్లాడాడు. ఇన్నేళ్ళుగా వింటున్నాను కనుక నాకూ అర్థమైంది.

రూమ్‌లో తోటివాడి చేత చనిపోయినవాడి భార్యతో ఫోన్‌లో మాట్లాడించాడట. ఇక్కడ మోసేవాళ్ళు లేరు, శవం వచ్చినా ఆడపిల్లలతో నేనేం చేసేది, అక్కడ ఆయన పాలోళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళ చేతనే నిప్పు పెట్టించండి అని ఏడ్చిందట. ముసలాయన కార్డు నా కొడుకు ముందు పెట్టాడు. నీ కార్డు తియ్యి అన్నాడు. రెండూ పక్కపక్కన పెట్టి ముందున్న పేరు మీద వేలు ఆనించాడు.

"ఏక్ నామ్. ఏక్ ఖబీలా. నీ మనిషి ఇతడు, నువ్వే తీసుకుపోవాలి."

ఆయనకు ఇందులో అనుమానమే లేదు. ఒక పేరున్నవాళ్ళు ఒకరి శవం ఒకరు మోయకపోవడం ఆయన ఎరగడు.

కొడుకు నా వైపు తిరిగాడు. "అమ్మా, గీన మనోడా? ఇంటిపేరు కలుస్తది గని... నిప్పు వెట్టాలంటే ఉత్తగనే పెట్టొద్దు గదా. మనోడైతేనే పెట్టాలె. చెప్పు."

కాదంటే అక్కడితో అయిపోయేది. ఫోర్‌మనో, రూమ్‌లో తోటివాడో ఎవరో ఒకరు పెట్టేవారు. పళ్ళెంలో నా చెయ్యి గంగవాయిలి పప్పులో ఉంది. ఆ కూర సంచి మొన్న శుక్రవారం అతడు మోసిందే.

"మనోడే," అన్నాను. "మీ పెద్దబాపు కొడుకు. నీకు అన్న అయితడు."

"ఎప్పటి సంది తెలుసు నీకు?"

"మొదటి దినం సంది అనుమానం. చలికాలం సంది ఎరుకే."

కొడుకు పళ్ళెం పక్కకు జరిపి లేచాడు. "నా కొట్టు ముంగట నుంచి దినాం పోయెటోడమ్మా. ఓ భాయ్ అని పిలుసుడు తప్ప ఒక్క దినం కుర్చేసి కూసోవెట్టలే నేను." పది రోజుల దాకా అవసరానికి మించి నాతో మాట్లాడలేదు.

మనవాళ్ళను కాల్చే చోటు సోహార్ అనే ఊరి వైపు ఉంది. కాగితాలు అయ్యేసరికి నాలుగు రోజులు పట్టింది. కొడుకు గుండు చేయించుకున్నాడు. పాడె నాలుగో మూల పట్టుకున్నది తోట ఆసామి అని తరువాత చెప్పాడు.

ఆ సాయంత్రం స్నానం చేసి నేను ఫోన్ చేశాను. చనిపోయినవాడి భార్య ఎత్తింది. నేనెవరో చెప్పుకున్నాను. "అత్తా," అంది. నన్ను ఎన్నడూ చూడని మనిషి. అతడికి రెండేళ్ళు ఇవ్వని వరస ఆమె ఒక్క మాటతో కలుపుకుంది.

"మైల ఎన్నొద్దులు పట్టాలె అత్తా? మీ ఇంట్ల ఎట్ల చేస్తరో నాకు తెల్వదు. అడుగుదామంటే ఎవ్వలు లేకపాయిరి."

చెప్పాను. పది రోజులని, మూడో రోజు ఏమి, పదో రోజు ఏమి అని. ఆమె ఎవరి చేతనో రాయిస్తున్నట్టు వినిపించింది.

"ఇంకొకటి అత్తా. సొరకాయ ఎందుకు తినరు? ఆయన ఎప్పుడు అనెటోడు, తెలుసుకోవాలె తెలుసుకోవాలె అని."

గోదావరి పొంగిన దగ్గర నుంచి చెప్పాను. సొరబుర్రల సంగతి చెప్పాను. పిల్లలు కూడా వింటున్నట్టుంది, "నడుముకు కట్టుకున్నరా?" అని చిన్న గొంతు ఒకటి అడిగింది.

అంతా విని ఆమె అంది, "చలికాలంల ఒక దినం ఫోన్ చేసి చెప్పిండు. ఇక్కడ ఒక అవ్వ ఉన్నది, మనోల్లే అనుకున్న, కాదంట, ఇంక ఎవ్వల అడుగ అని. గా అవ్వ..."

"నేనే."



"ఎందుకు కాదంటివి?"

అప్పుడు మూట సంగతి చెప్పాను. బొంత సంగతి కూడా చెప్పాను. ఆమె అడ్డు రాలేదు. నేను చెప్పడం అయ్యాక, పిల్లలను లోపలికి పొమ్మనడం వినిపించింది. తరువాత ఫోన్ పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

పదో రోజు మేము ఇక్కడ వండి, పిట్టగోడ మీద కాకికి పెట్టాము. నా కొడుకు అన్నను పేరు పెట్టి పిలిచాడు, కార్డు చివర్లో ఉన్న పేరు. నేను చెప్పినట్టు వాళ్ళు అక్కడ చేశారో లేదో నాకు తెలియదు.