అడవి ఖాళీ అయిందన్నరు

సౌదీల అడవి అంటుకున్నదంటే మా జగిత్యాల దిక్కు ఎవ్వడు నమ్మలె. "ఇసుక గూడ కాలుతదారా?" అని ఫోన్ల నవ్విండ్రు. వాళ్లకేం ఎరుక. అభా పట్నం దాటి మీదికి పోతే గుట్టల నిండ అరార్ చెట్లే ఉంటయి, సలికాలంల స్వెట్టర్ లేకుంటే పండ్లు టకటక కొట్టుకుంటయి. నేను ఆరేండ్ల సంది ఆ గుట్టల మీద నీళ్ల ట్యాంకర్ నడుపుతున్న.

ఆ రోజు పగటీలి పిడుగు పడ్డది. చెట్టు మీద పడ్డదని ఒకడంటడు, బండ మీద పడ్డదని ఇంకొకడంటడు, కండ్లార చూసినోడు ఒక్కడు లేడు. వాన నాలుగు సినుకులు రాల్చి ఎటో పోయింది. పొగ మాత్రం అక్కడ్నే ఉండిపోయింది.

తెల్లారేసరికి దిఫా మదనీ వాళ్లు, అంటే ఇక్కడి ఫైర్ సర్వీసోళ్లు, రోడ్డు బంద్ పెట్టిండ్రు. మంటలార్పే బండ్లు, నీళ్ల ట్యాంకర్లు తప్ప పురుగును గూడ మీదికి పోనిస్తలేరు. నన్ను గూడ పిలిచిండ్రు. మీద నా బామ్మర్ది ఉన్నడు.

వాణ్ని వీసా తీసి తెప్పిచ్చింది నేనే. మొదటి కఫీల్, అంటే వీసా ఇచ్చిన అరబ్బు సేటు, దగ్గర బాధ పడలేక ఉరికచ్చిండు. ఆ కఫీల్ హురూబ్ కొట్టిచ్చిండు, అంటే పని విడిచి పారిపోయిండని సర్కారుకు రాసిచ్చిండు. అప్పటి సంది వానికి కాయిదం లేదు. దొరికితే లోపలేసి, ఆడికెల్లి అటే ఇంటికి పంపుతరు. మీద ఒక ముసలి అరబ్బు మేకలు కాసుకుంట, రెండేండ్లు ఎవ్వని కంట్ల పడకుండ బతికిండు.

పిడుగు పడ్డనాడే ఆ ముసలాయన మేకలను పికప్ల ఎక్కిచ్చుకొని కిందికి దింపిండట. వీణ్ని మాత్రం ఎక్కిచ్చుకోలె, కింద పోలీసులు నిలవడ్డరు. "వాళ్లు పోయినంక వచ్చి తీస్కపోత, కనవడకుండ ఉండు" అన్నడట. పోలీసులు పోనే లేదు, రోడ్డే మూతపడ్డది. చెక్‌పోస్టు కాడ చేతులు పిసుక్కుంట ఆయనే నాకిది చెప్పిండు. నీ మేకలు సల్లగుండ, మనిషిని ఇడిసి మేకలను తెచ్చుకుంటివా అని తిట్టుదామనుకున్న. అంత అరబ్బీ నాకు రాదు.

వాని ఫోన్ బంద్ అచ్చింది.

మంట సంగతి అడిగితే ఒక్కొక్కడు ఒక్కో తీరు చెప్తడు. మా వాట్సాప్ గ్రూపుల అదుపులకొచ్చిందని ఒకడు, అవుతలి దిక్కు మళ్ల లేసిందని ఇంకొకడు. ఆఫీసరేమో "తమామ్, తమామ్, అంత మంచిగున్నది" అంటడు, ఆ నోటితోనే ఇంకో రెండు ట్యాంకర్లు తెమ్మంటడు. మొదటి ట్రిప్పుకు ఎడమ గుట్ట మండుతున్నది. రెండో ట్రిప్పుకు అది ఆరింది, కుడి గుట్ట అంటుకున్నది. ఆరేండ్లు తిరిగిన తొవ్వ నాకే గుర్తువట్టరాలె. కోతులు మందలు మందలుగ రోడ్డు మీదికొచ్చి కూసున్నయి, హారన్ కొట్టినా లేస్తలేవు.

నడుమ నా భార్య ఫోన్ చేసింది. "ఏమయ్యా, మా తమ్ముడు ఫోన్ ఎత్తుతలేడేంది?"

"సిగ్నల్ లేదే" అని పెట్టేసిన.

మూడో ట్రిప్పుల, మంట దాటకుండ చెట్లు కూలగొట్టి అడ్డం తొవ్వ తీస్తున్న పాకిస్తానీ షావల్ మిషన్ డ్రైవర్ నీళ్లు తాగుదామని నా బండి కాడికొచ్చిండు. ఉర్దూల అన్నడు, "పొద్దుగాల వాగు పక్కన చెట్లల్ల ఒకణ్ని చూసిన భాయ్. ఫైరోళ్ల జీపు హారన్ కొడితే వాడు మంట దిక్కే ఉరికిండు. పిచ్చోడా ఏంది?"

పిచ్చోడు కాదు. వాడు యూనిఫామ్ చూసిండు. పోలీసైనా, మంటలార్పేటోడైనా కాయిదం లేనోనికి ఒక్కటే, టోపీ కనవడితే ఉరుకుడే. అట్ల ఉరుకుమని వానికి చెప్పింది గూడ నేనే.

అప్పుడే ఆఫీసరొచ్చి అందరికి చెప్పిండు. గుట్ట ఖాళీ అయింది, మీద ఒక్కరు లేరు, ఇగ కుడి దిక్కు మంటను పోతే పోనిచ్చి షావల్ తీసిన తొవ్వ కాడ ఆపుతమని. అందరిని ఎనుకకు రమ్మన్నడు. ఆ వాగు కుడి దిక్కే ఉన్నది.

అడకత్తెర్ల పోకచెక్క లెక్కయింది నా పని. చెప్తే వాణ్ని నా చేతులతోటి పట్టిచ్చినట్టు. చెప్పకుంటే వాడు కాలిపోతడేమో. పోడేమో. ఎవల్ని అడగాలె? ఆ కఫీల్ మీద, ముసలాయన మీద, ఆ దిక్కుమాలిన పిడుగు మీద, ఆఖరికి ఇంటికాడున్న నా పెండ్లాం మీద గూడ కోపమొచ్చింది. మా తమ్మున్ని గూడ తీస్కపో అని నా పానం తీసింది ఆమెనే గదా.

"ఒక మనిషున్నడు" అన్న.

ఆఫీసరు నన్ను కిందికెల్లి మీదిదాక చూసిండు. "నీకెట్ల తెల్సు?"

"నా భార్య తమ్ముడు."

ఆఫీసరు నన్ను జీపుల కూసోవెట్టుకొని వాగు కాడికి తీస్కపోయి, మైకు చేతుల పెట్టిండు. మీ భాషల పిలువు అన్నడు. చుట్టు నలుగురు యూనిఫామోళ్లు. పేరు పెట్టి పిలిచిన, రాలె. మళ్ల పిలిచిన, రాలె. పొగకు కండ్లు మండుతున్నయి, మంట సప్పుడు దగ్గరికొస్తున్నట్టే ఉన్నది. అప్పుడు ఏమనుకున్ననో ఏమో, నోట్లెకెల్లి ఈ మాట ఊడిపడ్డది.

"అరేయ్, నేను బావను రా! నేనొక్కణ్నే ఉన్న, పోలీసులు ఎవ్వలు లేరు, బయటికి రా!"

గుట్టంత వినవడ్డది. అక్కడ తెలుగు తెల్సింది మా ఇద్దరికే.

వచ్చిండు. మొఖానికి తడి తువ్వాల కట్టుకొని, చెప్పులు లేకుండ, బండల సందులకెల్లి వచ్చిండు. జీపును చూసిండు, ఆ నలుగురిని చూసిండు. ఉరుకలె. "ఒక్కణ్నే ఉన్ననంటివి గద బావా" అన్నడు.

వాళ్లు నీళ్లు తాగిచ్చిండ్రు, మంచిగనే చూసుకున్నరు. ఆఫీసరు నా భుజం తట్టిండు. దవాఖానకు పోయి, ఆడికెల్లి తర్హీల్‌కు, అంటే దేశం దాటిచ్చే జైలుకు, పోయి, నెల తిరగకముందే వాడు ఊళ్లె దిగిండు. నన్ను రెండుసార్లు పిలిచి అడిగి ఇడిసిపెట్టిండ్రు.

వాడు దొరికిన సాయంత్రమే గాలి మర్లింది. ఎనుకనే వాన దంచికొట్టింది. రెండొద్దులకు రోడ్డు తెరిస్తే, ఖాళీ ట్యాంకర్ తోటి వాగు కాడికి పోయిన. అవుతలి గుట్ట నల్లగ మాడిపోయింది. ఇవుతల, వాడు దాక్కున్న బండల కాడ, చెట్లు పచ్చగ ఉన్నయి. ఒక్క కొమ్మ కాలలె. వాని సంచి గూడ అట్లనే ఉన్నది, అండ్ల ఖుబూస్ రొట్టె తోటి. నాకు మతి పోయింది. షావల్ తొవ్వ ఆపిందా, గాలి మర్లిందా, అసలు మంట అటు రానే రాలేదా? ఎవ్వన్ని అడిగినా సక్కగ చెప్పలె.

నా భార్య మాత్రం ఫోన్ చేసినప్పుడల్ల ఒక్కటే మాట. "వాణ్ని బతికిచ్చినవా, పట్టిచ్చినవా?" సిగ్నల్ లేదని పెట్టేస్త. నాకు తెలిస్తె గదా.

వాడు చానొద్దులు నాతోటి మాట్లాడలె. ఒకనాడు నేను ట్యాంకర్ నింపుతుంటే వాడే ఫోన్ చేసిండు. ట్రాక్టర్ నడుపుతున్ననన్నడు, వానలు లేవన్నడు. జెరసేపు అదీ ఇదీ మాట్లాడి, అడిగిండు.

"బావా, నేను దాక్కున్న జాగ కాలిందా?"

"కాలింది" అన్న. "మొత్తం బూడిదైంది."

అటు దిక్కు ఊపిరి ఇడిసిన సప్పుడు వినవడ్డది.

"అయితే బతికిచ్చినవ్ బావా" అన్నడు. "అక్కకు నేను చెప్త."