కిటికీ పక్క కుర్చీ

హోటళ్ల బట్టలు, ఫ్యాక్టరీల యూనిఫారాలు ఉతికే ఆ పెద్ద లాండ్రీలో ఆవిడ అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ గుండీలత్తే. ఉతికిన చొక్కాలకు ఊడిన గుండీలు కుట్టడం ఆవిడ పని. ఆవిడ కుట్టిందంటే ఇక ఆ గుండీ జోలికి ఎవరూ పోనక్కర్లేదు. నాలుగు బెజ్జాల్లోంచీ దారం తిప్పి తిప్పి తీసి, గుండీ కింద మెడలా బిగించి చుట్టి, ముడేసి, ఆపైన నమ్మకం చాలక ఒకసారి గుంజి చూసేది.

బస్సు డ్రైవరైన ఆవిడ మొగుడికి ఇదో పెద్ద గొప్ప. "మా ఆవిడ కుట్టాక చొక్కా చిరగాల్సిందే గానీ గుండీ ఊడదు" అని డిపోలో దొరికినవాడికల్లా చెప్పేవాడు. వినేవాళ్ల చెవులు చిల్లులు పడుతున్నా ఆయనకు పట్టేది కాదు.

కుట్టు గదికి ఒక్కటే కిటికీ. దాని పక్క కుర్చీ ఏళ్లుగా అత్తది. వయసుతో పాటు చూపు మందగించింది. అక్కడి వెలుతురు లేకపోతే సూది బెజ్జం కనిపించదు. అదే కనిపించకపోతే ఉద్యోగం ఎన్నాళ్లుంటుందో ఆవిడకు తెలియంది కాదు.

కొత్తగా వచ్చిన సూపర్‌వైజరు మంచివాడే. చిక్కల్లా ఆ మంచితనంతోనే వచ్చింది. పనిలో హుషారు పుట్టించాలని, "వారంలో ఎవరు ఎక్కువ గుండీలు కుడితే పై వారం కిటికీ కుర్చీ వాళ్లది" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అత్త కూడా కొట్టింది, పిచ్చిమాలోకం.

అక్కడ ఒక్కొక్కరిదీ ఒక్కో కంపెనీ మూట. కుట్టి పంపిన చొక్కాలే మళ్లీ ఉతుక్కి వచ్చి అదే మనిషి ముందు పడతాయి. మరి అత్త మూటలో ఊడిన గుండీలు ఎక్కడుంటాయి? వెతికి వెతికి నాలుగు దొరికితే గొప్ప. పక్కనున్న పొడుగమ్మాయి మాత్రం రెండు పోట్లు పొడిచి దారం తెంపేసేది. అవి ఉతుకులోనే రాలిపోయి, వారం తిరిగేసరికి కొత్త లెక్కలో చేరేవి. కుర్చీ పొడుగమ్మాయికి పోయింది. అత్త మూలకి, మినుకుమినుకుమనే ట్యూబులైటు కిందికి చేరింది. కళ్లు నీళ్లు కారేవి. సూది గుడ్డలోకి దిగే బదులు వేలిలోకి దిగేది.

"అత్తా, నీ గుండీలే నీ కొంప ముంచుతున్నాయి. కాస్త చెయ్యి వదులు చెయ్యరాదూ?" అంది పొడుగమ్మాయి, ప్రేమగానే.

కొన్నాళ్లు బిగబట్టుకుని, అత్త చెయ్యి వదులు చేసింది. మొదటి రోజు దొంగతనం చేస్తున్నట్టు చుట్టూ చూసింది. తర్వాత చూడటం మానేసింది. ఆవిడ మూటలోనూ గుండీలు టపటపా రాలాయి, కుర్చీ తిరిగొచ్చింది. "ఈ వయసులో ఎంత పుంజుకున్నారో చూడండి!" అని సూపర్‌వైజరు మురిసిపోయాడు. లాండ్రీలో ఇన్ని గుండీలు ఎందుకు ఊడుతున్నాయని ఆ మహారాజుకు అనుమానమే రాలేదు.

ఒక సాయంత్రం అత్త ఇంటికొచ్చేసరికి మొగుడు బనీనుతో గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. ఆవిణ్ణి చూడగానే యూనిఫారం చొక్కా చటుక్కున వెనక్కి దాచాడు. చేతిలో సూది దాచడం మరిచిపోయాడు.

"ఏంటండీ అది?"

"ఏం లేదే. పొట్ట దగ్గర గుండీ ఊడింది. అలిసిపోయి వస్తావని నేనే కుట్టుకుంటున్నా."

"మొన్ననేగా నేను కుట్టాను!"

"నీ తప్పేం లేదు. నా పొట్టే పెరిగింది. పాపం, గుండీ మాత్రం ఏం చేస్తుంది?"

అత్త చొక్కా లాక్కుంది. గుండీ ఉండాల్సిన చోట రెండు దారప్పోగులు వేలాడుతున్నాయి. మెడ చుట్టిన జాడే లేదు. లాండ్రీ కోసం మొదలెట్టిన వదులు ఎప్పుడు ఇంట్లోకి వచ్చిందో ఆవిడకే తెలియలేదు.

"డిపోలో ఎవరైనా చూశారా?"

"చూడనిస్తానా? అన్నం సంచీ పొట్టకు అడ్డం పెట్టుకునే తిరిగా."

అత్తకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. ఊడింది తన పనితనం, దాని పరువు కాపాడటానికి తిప్పలు ఈయనకి. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయి, కుర్చీ సంగతంతా చెప్పేసింది.

"రేపే ఆ కుర్చీ వదిలేస్తానండీ. ఎప్పట్లాగే కుడతాను."

"మరి ఆ చీకట్లో దారం ఎలా ఎక్కిస్తావే?"

"ఏమో."

ఆయన మీసం దువ్వుకున్నాడు. "నేనున్నాగా," అన్నాడు. చేతిలోని ఆ ఒక్క సూదికి దారం ఎక్కించడానికే ఆయనకు సాయంత్రమంతా పట్టిందని ఆవిడకు చెప్పలేదు.

మర్నాడు పొద్దున్న అత్త తన సంచీ, సూదుల దిండూ తీసుకుని మూలకి నడిచింది.

"అదేంటమ్మా, ఈ వారం కూడా మీదేగా కుర్చీ?" అన్నాడు సూపర్‌వైజరు.

"ఇన్నాళ్లూ కుర్చీ కోసం కుట్టాను బాబూ. ఇవాళ్టి నుంచి చొక్కాల కోసం కుడతాను. ఇక నా గుండీలు ఊడి తిరిగి రావు, నేను లెక్కలో ఎలాగూ ఉండను."

అతను, ఉతుకులో రాలిన గుండీలు ఏరి పోసిన డబ్బాల వంక చూస్తూ నిలబడిపోయాడు. పొడుగమ్మాయి తల వంచుకుంది.

అత్త దిండులోంచి మొదటి సూది తీసింది. మొగుడు రాత్రి పొద్దుపోయేదాకా, మళ్లీ పొద్దున్నే డ్యూటీకి వెళ్లేలోగా కూర్చుని ఎక్కించి ఇచ్చిన నాలుగైదు సూదుల్లో అదొకటి. మూరెడు ఉండాల్సిన దారం బారెడు వదిలాడు మహానుభావుడు. "బస్సు తోలడం తప్ప ఏమీ చేతకాదు ఈ మనిషికి" అని తిట్టుకుంటూ, ఒక్క పోగు కూడా కత్తిరించకుండా, అదంతా ముందున్న చొక్కా గుండీ మెడకే చుట్టింది.