ఎవరూ విప్పని పార్సిల్

పార్సిల్ ఆఫీసులో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. చూసిన డబ్బాల మీద ఆమె వేసే ముద్ర నంబరు పద్నాలుగు, కాబట్టి మనిషి కూడా పద్నాలుగే అయిపోయింది. కొత్తగా చేరినవాళ్లు మర్యాద కోసం "పద్నాలుగు గారూ" అంటే ఆమెకే నవ్వొచ్చేది. చాలా రోజుల్లో ఆమె నవ్వేది ఆ ఒక్కసారే.

పని చెప్పుకోవడానికి తేలిక. బెల్టు మీద డబ్బాలు ఎక్స్‌రే మెషీన్‌లోకి పోతాయి, తెర మీద వాటి కడుపులో ఉన్నదంతా కనిపిస్తుంది. గుడ్డలూ కాగితాలూ నారింజ రంగు, ఇనుము నీలం. అనుమానం వస్తే డబ్బా పక్కకు తీసి విప్పాలి, చూడాలి, ఉన్నది ఉన్నట్టు సర్ది ఎర్ర చారల టేపు వేయాలి. "భద్రతా తనిఖీ కోసం తెరిచి తిరిగి మూయడమైనది" అని ఆ టేపు పొడుగునా అచ్చు ఉంటుంది. పంతొమ్మిదేళ్లలో ఆమె విప్పిన డబ్బాలోంచి ఒక్క గుండీ పోలేదు. పంపినవాళ్లు ఉండచుట్టి కుక్కిన చొక్కాను సైతం మడతపెట్టి పంపేది. ఎవరెవరి ఇళ్లల్లో సామానో ఆమె చేతుల మీదుగా వెళ్లింది. ఆమె ఇంటికి మాత్రం ఎవరూ రారు. రెండో అంతస్తులో ఒక గది, ఒక వంటగది, మాట్లాడితే వినడానికి గోడలు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఈవిడ రచ్చ గెలిచి ఇంట ఓడింది.

పదకొండేళ్ల కిందట తల్లి, తనూ, చెల్లీ ముగ్గురూ ఒకే ఇంట్లో ఉండేవాళ్లు. ఒకరోజు చెల్లి పేర ఒక కవరు వచ్చింది. చెల్లి పెళ్లి చేసుకుందామనుకుంటున్న మనిషి రాసిన ఉత్తరం అది. చెల్లి ఇంట్లో లేదు. పెద్దదాన్ని కదా, మంచీ చెడూ చూడొద్దా అని తనకు తానే సర్దిచెప్పుకొని కవరు విప్పి చదివింది. సాయంత్రం చెల్లి వచ్చి "ఇదెవరు విప్పారు?" అని అడిగింది. ఈవిడ తడుముకోకుండా "ఆఫీసులోనే విప్పి ఉంటారే, ఈమధ్య తనిఖీలు ఎక్కువయ్యాయి" అంది. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. అతికినట్టే ఉంది, ఒక్క పూట. మర్నాడు చెల్లి వెళ్లి పోస్ట్‌మాన్‌ను నిలదీస్తే "నేనిచ్చినప్పుడు అంటించే ఉందమ్మా" అన్నాడు. తీగ లాగితే డొంకంతా కదిలింది.

వారంలో చెల్లి వెళ్లిపోయి ఆ మనిషినే పెళ్లి చేసుకుంది. వెళ్తూ తల్లితో ఒక్క మాట అంది. "చదివినందుకు కాదమ్మా, నా మొహం మీద అబద్ధం చెప్పింది." తల్లి పోయినప్పుడు వచ్చింది, అందరితోనూ మాట్లాడింది, అక్క వైపు మాత్రం చూడలేదు. ఇద్దరూ ఏడ్చారు, చెరో గదిలో.

ఈమధ్య తల్లి పెట్టె సర్దుతుంటే ఆవిడ బట్టలు కత్తిరించే పెద్ద కత్తెర దొరికింది. తల్లి దగ్గర కుట్టుపని నేర్చుకున్నది చెల్లే. అది చెల్లికి చేరాలనుకుంది. దానితో పాటు ఒక ఉత్తరం పెట్టాలనుకుంది. నాలుగు సాయంత్రాలు కాగితం ముందు కూర్చుంది. 'చెల్లికి' అని రాసేది, ఆగేది. "క్షమించు" అంటే నాటకంలా ఉంది, "బాగున్నావా" అంటే ఏమీ ఎరగనట్టుంది. అయిదో రోజు కాగితం లేకుండానే డబ్బా పట్టుకుని ఆఫీసుకెళ్లింది. డబ్బా మీద చిరునామా కింద తన ఫోను నంబరు మాత్రం రాసింది.

ఆఫీసువాళ్ల పార్సిల్ ఇంకొకరు చూడాలన్నది అక్కడి నియమం. పక్క మెషీను పెద్దాయన తెర మీద కత్తెర చూసి, "మొనకు అట్ట తొడిగావు, బాగుంది. విప్పక్కర్లేదు, మూసెయ్" అన్నాడు. ఆమె తన టేబుల్ మీద పెట్టి మూసింది. డబ్బా బెల్టు మీద వెళ్లిపోయింది.

అయిదు రోజుల తర్వాత, సెలవునాడు మధ్యాహ్నం బట్టలు ఆరేస్తుంటే ఫోను మోగింది.

"నేనే."

పదకొండేళ్లయినా ఆ గొంతు ఎవరిదో అడగనక్కర్లేకపోయింది. ఆమె తడి చేతులతోనే నేల మీద కూర్చుంది. "అందిందా?"

"అందింది. కానీ దారిలో ఎవరో విప్పారు. డబ్బా చుట్టూ ఎర్ర టేపు, తెరిచి చూశామని రాసి మరీ వేశారు. అమ్మ కత్తెర ఉంది. ఇన్నేళ్లకు పంపుతూ ఉత్తరం పెట్టకుండా ఉంటావా? అదే లేదు. అట్ట అడుగున కూడా వెతికాను. తీసేశారు దొంగమొహాలు! వాళ్లకెందుకట ఉత్తరం? నువ్వు ఊరుకోకు, మీ ఆఫీసులో అడుగు."

ఆమెకు అప్పుడు తెలిసింది. పంతొమ్మిదేళ్ల అలవాటు, చెయ్యి మామూలు టేపు వైపు పోనే లేదు. ఆ టేబుల్ మీద మూసే ప్రతి డబ్బాకీ అదే టేపు కాబట్టి ఎవరి కంటికీ ఆనలేదు.

"ఏం రాశావు అందులో?" చెల్లి గొంతు తగ్గింది.

పోయిందనుకుంటున్న ఉత్తరంలో ఎంత మంచి మాటైనా ఉండొచ్చు. "తీసేసుంటారులే, నేనే చెప్తా విను" అంటే చాలు. నేరం మళ్లీ ఆఫీసు మీదికి పోతుంది, చెల్లి తనకు దక్కుతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"ఎవరూ విప్పలేదే" అంది. "ఆ టేపు వేసింది నేనే, అలవాటులో. ఉత్తరం పెట్టలేదు. రాయలేకపోయాను."

అవతల కుర్చీ లాక్కున్న చప్పుడైంది.

"ఆ రోజు కూడా ఇలాగే చెప్పి ఉండొచ్చుగా అక్కా" అంది చెల్లి. గొంతులో కోపం లేదు. ఉంటే ఈవిడా ఎదురు చెప్పేది. "ఇంతే కదా చెప్పాల్సింది. నేనేమైనా నిన్ను కొట్టేదాన్నా? అమ్మ పోయిన రోజు నీ పక్కన కూర్చుని ఏడుద్దామనుకున్నాను. కూర్చోలేకపోయాను." ముక్కు చీదుకుంది. "ఉంటాను."

మళ్లీ ఎప్పుడు చేస్తావని అడిగేలోగా ఫోను పెట్టేసింది. అంతా కలిపి రెండు నిమిషాలు కూడా కాలేదు. దీనికోసమా ఇన్నేళ్లు పోయాయి అనుకుంటే ఆమెకు దుఃఖం ఆగలేదు. అక్కడే కూర్చుని, పక్కింటివాళ్లు వింటారని కూడా చూసుకోకుండా గట్టిగా ఏడ్చింది.