బావ చూపించని రెండో కాగితం

మొన్న మా కోడలు పొయ్యి మీద నుంచి దించిన మూకుడును గ్రానైటు గట్టు మీద పెట్టింది. దాన్ని పక్కకు జరిపి, కాగిన చోట చన్నీళ్లు పోసి తుడవబోతే టప్పుమని శబ్దం వచ్చి, రాతి మీద వెంట్రుకంత గీత పడింది. రాయి కూడా వేడికి పగులుతుందా అని ఆమె ఆశ్చర్యపోయింది. నాకు మాత్రం జహీరాబాద్‌లో రాళ్లను పరీక్షించిన రోజులూ మా బావా గుర్తుకొచ్చి ఆ పూట అన్నం సహించలేదు.

అవి డెబ్బయ్యవ దశకం చివరి సంవత్సరాలు. రోడ్డు పనుల కోసం హైవే పక్కన వేసిన రేకుల షెడ్డులో నా కొలువు. కల్వర్టులకు వాడే రాయిని చదరంగా కోసి మిషన్‌లో పెట్టి, ఎంత బరువుకు చితుకుతుందో చూసి రాయడమే పని. నాన్న పోయాక నన్ను ఇంట్లో ఉంచుకుని, పక్కన కూర్చోబెట్టుకుని చదివించినవాడు అక్క మొగుడు, మా బావ. ఆ కొలువు కూడా ఆయన నలుగురి చుట్టూ తిరిగి ఇప్పించిందే.

అప్పట్లో మా వైపు చెరుకు రైతులు చాలామంది పొలంలోనే బెల్లం వండేవారు. వాళ్ల పొయ్యిలకు బావ రాతి దిమ్మెలు అమ్మేవాడు. పొయ్యి నోటికి అడ్డంగా వేసే ఆ దిమ్మె మీదే కడాయి అంచు ఆనుతుంది. ఒకసారి ఆయన కొత్త రకం రాయి ముక్కలు తెచ్చి పరీక్షించి రాసిమ్మన్నాడు. మిషన్‌లో పెడితే గట్టి రాయేనని తేలింది, అదే రాశాను. కానీ మనసు ఒప్పుకోలేదు. మా మిషన్ చల్లని రాయిని కాసేపు నొక్కి వదిలేస్తుంది. పొయ్యి మీది రాయి మాత్రం రోజూ నిప్పులా కాగుతూ, చల్లారుతూ, బెల్లం వండినన్నాళ్లూ బరువు మోస్తూనే ఉండాలి. కాగినప్పుడు రాతిలోని రేణువులు ఒక్కొక్కటి ఒక్కో తీరుగా ఉబ్బి కంటికి కనపడని చీలికలు పడతాయనీ, ఎడతెగకుండా మోస్తూ ఉంటే రాయి మెల్లమెల్లగా లొంగి తక్కువ బరువుకే విరిగిపోతుందనీ మా ఇంజనీరు చెబుతుండేవాడు. అందుకని మిగిలిన ముక్కను చెరుకు పిప్పి మంటలో కొన్ని రోజులు కాల్చి, చల్లార్చి మిషన్‌లో పెడితే, మొదటిదాంట్లో సగం బరువైనా మోయకుండానే చితికిపోయింది. పొయ్యికి ఈ రాయి పనికిరాదని రెండో కాగితం మీద రాసి, కింద గీత కూడా గీసి, రెండూ సంతకం పెట్టి బావ చేతికిచ్చాను.

ఆయన రెండూ నిదానంగా చదివి, "ఫికర్ చెయ్యకు తమ్మీ, నేను చూసుకుంట గద" అన్నాడు. అంతటితో నా బాధ్యత తీరిందనుకున్నాను.

ఆ ఏడాది మొగుడంపల్లిలో మా చిన్నమ్మ, అంటే అమ్మ చెల్లెలు, బెల్లం పొయ్యి వేయించింది. భర్త పోయాక ఒంటరిగా సేద్యం చేసుకుంటున్న మనిషి. దిమ్మె బావ దగ్గరే తీసుకుందని నాకు తెలియదు. కొన్ని వారాలకు దిమ్మె నడుమ కుంగిందనీ, లోపల ఏదో టిక్కుటిక్కుమంటోందనీ కూలీలు చెప్పినా, పరీక్ష చేసిన రాయి కదా అని ఆమె ధైర్యంగానే ఉందట. ఒక పొద్దున దిమ్మె రెండు ముక్కలైంది. కడాయి ఒరిగి, మరుగుతున్న పాకం ఆమె కాళ్ల మీద పడింది.

నేను దవాఖానకు పరుగెత్తేసరికి చిన్నమ్మ మోకాళ్ల కింద అంతా కట్లే. అక్కా బావా మంచం పక్కనే ఉన్నారు.

"నీ సంతకం ఉన్నదంటేనే గా రాయి వెట్టిచ్చిన కొడుకా" అంటూ ఆమె తలగడ కింద నుంచి కాగితం తీసింది. మొదటిది ఒక్కటే. రెండోది ఏదని బావను అడిగాను.

ఆయన నా కళ్లలోకి సూటిగా చూస్తూ, "రెండోదేంది? నువ్విచ్చింది గిదొక్కటే" అన్నాడు. గొంతు కొంచెమైనా తడబడలేదు. ఒక్క క్షణం నేనే ఇవ్వలేదేమో అని నామీద నాకే అనుమానం వచ్చింది.

నేను రాసిచ్చిన ప్రతి కాగితానికీ కార్బన్ నకలు ఉండే పుస్తకం షెడ్డులో ఉంది. నేను దానికోసం బయల్దేరుతుంటే అక్క వెంటపడి, తన కాపురం ముఖం చూసి ఊరుకోమని చేతులు పట్టుకుంది. విడిపించుకుని వెళ్లాను. తెచ్చి అందరి ముందూ చదివాను. బావ లేచి వెళ్లిపోయాడు. అక్క ఆయన వెనకే వెళ్లింది. ఆ తర్వాత ఆ ఇంటి గడప తొక్కలేదు నేను. రమ్మని వాళ్లూ పిలవలేదు.

చిన్నమ్మ మాత్రం "నాకు సదువు రాదు బిడ్డా, కాగితం నాకేం దెలుస్తది? ఆయన ఊరందరికి అమ్ముతడని నీకెర్కే గద. ఒక్కపారి నోటితోని చెప్పకపోతివి" అంది. మర్నాటి నుంచి సెలవు పెట్టి ఆ దిమ్మెలు కొన్న ప్రతి రైతు పొలానికీ సైకిల్ మీద వెళ్లి చెప్పి తీయించాను. చిన్నమ్మ లేచి నడిచింది కానీ మళ్లీ బెల్లం వండలేదు.

ఇప్పుడు ఆ పొలాల్లో పొయ్యిలే లేవు, చెరుకంతా లారీలెక్కి ఫ్యాక్టరీకి పోతోంది. ఏ రాయి కొన్నా అచ్చువేసిన కాగితం చేతికిస్తున్నారు, ఎవరి నోటి మాటా ఎవరికీ అక్కర్లేదు. బావ పోయి చాలా ఏళ్లైంది. చిన్నమ్మ చదువు రాక మోసపోయింది. బావకు వచ్చు, నాకు అక్షరాలు దిద్దించిన చెయ్యి ఆయనదే. నేను రాసిన ప్రతి మాటా చదివే ఆయన ఆ రాయి అమ్మాడు. ఆయన చదవకుండా పడేసి ఉంటే బాగుండునని ఈ వయసులోనూ అనుకుంటూ ఉంటాను.