బుడ్డోడు సంగటి మానిన వారం

నేను నాలుగో తరగతి చదివే రోజులు... ఒక మధ్యాహ్నం మా బుడ్డోడు రాగిసంగటి ముద్దను వాసన చూసి, మొహం తిప్పుకుని వెళ్లిపోయాడు.

బుడ్డోడంటే మా కుక్క. పిల్లికి కాస్త పెద్ద, మేకపిల్లకు చాలా చిన్న. సంగటి మీద ఉలవకట్టు పోసి పెడితే, పగిలిన సట్టి అడుగు అరిగిపోయేలా నాకేవాడు. అలాంటివాడు మూడు రోజులు ముద్ద ముట్టలేదు...

కళ్యాణదుర్గం పక్కన మా ఊరు. ఆ ఏడు విత్తనపు చెనక్కాయలు ఒలిచి పెట్టుకున్నా చినుకు లేదు. మనుషులకే కడుపు నిండని కాలంలో కుక్క తిండి వద్దనడమేమిటి? నాకు అంతుపట్టలేదు. కళ్లు చూశాను, నాలుక చూశాను. ముక్కు తడిగానే ఉంది. పొట్ట మాత్రం తప్పెటలా బిగిసి ఉంది!

మా చిన్నాయనకు అనుమానాలు రావు, తీర్పులే వస్తాయి.

"తిండి మాన్న కుక్కకు పిచ్చి లేస్తాది. ఇంట్లో పిల్లోళ్లుండారు. రేపూ తినకపోతే కట్టె తీసుకుంటా" అన్నాడు.

"నీళ్లు తాగుతాండాడు కదా చిన్నాయనా!"

"నువ్వేమన్నా డాక్టరమ్మవా? పోయి చదువుకో పో."

నాయన తుండు దులుపుకుని లేచి వెళ్లిపోయాడు. అంటే ఒప్పుకున్నట్టే...

మర్నాడు బడి ఎగ్గొట్టి పొద్దున్నుంచీ బుడ్డోడిని కనిపెట్టుకుని ఉన్నాను. కాస్త ఎండెక్కాక, ఏదో పనున్నవాడిలా ఊరి బయటికి బయలుదేరాడు. నేరుగా వెళ్లి పెద్దబండ ఎక్కాడు.

వానల కోసం మా ఊళ్లో వరదపాశం చేసేవారు. బియ్యం, బెల్లంతో పాయసం వండి, కడిగిన బండ మీద పోసి, చేతులు వెనక్కి పెట్టుకుని మోకాళ్ల మీద వంగి నాలుకతో తినేవారు. ఆ వారం రోజుకొక వీధి వంతు. జనం వెళ్లిపోయాక, బండ నెర్రెల్లో మిగిలినదంతా బుడ్డోడి వంతు... మా అందరికన్నా వాడికే ఆ విద్య బాగా వచ్చు.

పరుగున వచ్చి చిన్నాయనను చెయ్యి పట్టి లాక్కెళ్లాను. వచ్చాడు గానీ, కట్టె మాత్రం వదల్లేదు.

"మొన్న మన వీధి వంతుకు నువ్వూ ఈ బండనే నాకితివి గదా చిన్నాయనా... నీకూ పిచ్చేనా?"

చిన్నాయన కట్టె పారేశాడు. "నీ నోట్లో మన్ను బొయ్య! నడువే ఇంటికి" అంటూనే, నవ్వు కనబడకుండా అటు తిరిగాడు.

నాలుగు రోజులకు వాన పడింది. ఊరంతా విత్తనం గంపలు ఎత్తుకుంది. బండ మీద బెల్లం వాసన కూడా మిగల్లేదు. ఊరికి తీరిన కరువు బుడ్డోడికి మొదలైంది... ఆ మధ్యాహ్నం ముద్ద మింగి, రెండో ముద్ద కోసం సట్టి ముందే కూర్చున్నాడు.

"ఏమప్పా, ఇంత తింటాండాడు! ఇదేమి రోగమో?" అన్నాడు చిన్నాయన.

ఇప్పుడు మా మనవరాలి కుక్కకు తిండి కొలిచే కప్పు కూడా ఉంది. ఒక పూట వదిలేస్తే ఫోన్లో వెతుకుతారు, ఆస్పత్రికి పరిగెడతారు. మంచిదే, కట్టె కన్నా నయం. కానీ దాని వెంట నడిచి, ఎక్కడికి పోతోందో చూద్దామంటే... అది గేటు దాటితే కదా!

మీ ఇంటి కుక్క ముద్ద ముట్టని రోజున, ఎక్కడ విందు చేసుకుని వచ్చిందో మీకు ఎప్పుడైనా తెలిసిందా?