మా బావ మైకు, ఐదు బల్బుల పెట్టె

మా బావ పోయాడన్న కబురు మొన్న సోమవారం పొద్దున, మాక్లూర్‌లో ఒక పెళ్లిలో పాడుతుండగా అందింది. హార్మోనియం పక్కన పెట్టి ఆర్మూరు బస్సెక్కాను. దారంతా ఆయన మీద కోపమే. పదేళ్లు ఆ మనిషితో కలిసి తిరిగాను. కోపం లేకుండా ఆయన్ను తలుచుకోవడం నాకు చేతకాదు.

ఆయన మా అక్క భర్త. ఆర్మూరులో పసుపు మండీకి ఎదురుగా మైక్‌సెట్ దుకాణం నడిపేవాడు. నేను పాటగాణ్ణి. పెళ్లిళ్లకు, భజనలకు ఇద్దరం కలిసే పోయేవాళ్లం. నాకో మైకు, డోలక్‌కు ఒకటి, తాళాలకు ఒకటి. మూడింటి చప్పుడూ సమంగా కలిపి జనానికి వినిపించడం ఆయన పని.

ఆ పని చెవులతో చేస్తే ఏ బాధా లేకపోయేది. ఒకసారి హైదరాబాదు పోయి ఏవో పాత సామాన్లు ఏరుకొచ్చి, ఒక చెక్కపెట్టె తయారుచేశాడు. దాని మీద వరుసగా ఐదు చిన్న బల్బులు. డోలక్ లావు చప్పుడుకు మొదటిది, నా గొంతుకు నడిమివి, తాళాల సన్నటి మోతకు చివరిది వెలిగేవి. ఇక నేను కళ్లు మూసుకుని రాగం తీయడం, ఆయన చెయ్యెత్తి ఆపడం.

“జర ఆగురా. గా మూడోది మస్తు ఎలుగుతుంది. నీ గొంతు లావైంది.”

“జనం మంచిగనే ఇంటున్నరు గదా బావా! ఓసారి నువ్వు గుడ ఇను.”

“ఇనుడెందుకు, కండ్ల ముంగట కనవడ్తుంటే!”

మా వాదన తెగేదాకా ఒక పెళ్లికొడుకు తలంబ్రాలు దోసిట్లో పట్టుకుని నిలబడ్డాడు. బల్బుల మీద పసుపు దుమ్ము పేరుకుంటే, అది తుడవకుండా “గొంతు తగ్గింది” అని మీట పెంచేవాడు.

రెండేళ్లు భరించాను. కమ్మర్‌పల్లి పెళ్లిలో ఓపిక అయిపోయింది. పాట మధ్యలో మైకు కీచుమని అరవసాగింది. జనం చెవులు మూసుకున్నారు. ఎద్దులు బెదిరాయి. బావ మాత్రం పెట్టె ముందు నిమ్మళంగా కూర్చున్నాడు. నేనే ఉరికి మీట తిప్పాను.

“చెవుడొచ్చిందా నీకు?” అని అందరి ముందూ అరిచాను.

“అయిదోది ఎలుగుతలేదు గదరా,” అన్నాడు బిత్తరపోయి. వంగి చూస్తే ఆ బల్బు తీగ తెగి ఉంది.

తిరిగొచ్చేటప్పుడు బండిలో బావ నా పక్కకు జరిగాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

“సన్న సప్పుళ్లు ఇనవడ్తలేవురా. గందుకే గా పెట్టె జేసిన. మీ అక్కకు జెప్పకు. ఊర్లె ఎర్కైతె నన్నెవలు పిలుస్తరు?”

అరిచినందుకు సిగ్గేసింది. అంతకన్నా ఎక్కువ ఒళ్లు మండింది.

“నాకన్న జెప్పొద్దా బావా? నా చెవులు లేవా?”

“నువ్వు కండ్లు మూసుకుంటవ్. నాకెట్ల సైగ జేస్తవ్?”

ఆ రోజు నుంచి కళ్లు తెరిచి పాడటం నేర్చుకున్నాను. కీచు మొదలవుతూనే వేలెత్తి చూపేవాణ్ణి. ఆయన ముందు బల్బు వంక చూసి, అది ఒప్పుకుంటేనే మీట తిప్పేవాడు. విసిగి చచ్చేవాణ్ణి. అయినా నా పాట అంత శుభ్రంగా ఇంకెవరి మైకులోనూ వినబడలేదు. ఈ మాట ఆయనతో ఒక్కసారీ అనలేదు.

పోయిన నెల నిజామాబాద్ దవాఖానలో బావను చూశాను. అప్పటికి ఆయనకు ఏ చప్పుడూ వినబడటం లేదు. పాడమని సైగ చేశాడు. పక్క మంచాలవాళ్లను చూసి నసిగాను. ఊరుకోలేదు. దగ్గరికి లాగి, అరచెయ్యి నా ఛాతీకి ఆనించాడు. ఒక చరణం మెల్లగా పాడి ఆపేశాను. ఆయన చూపుడువేలు మాత్రం నా చొక్కా మీద తాళం వేస్తూనే ఉంది.