లాభం, రెండు, మూడు

ఆరోజు దువ్వాడ స్టేషన్‌లో రైలు ఆలస్యమైంది. బెంచీ మీద కూర్చుని నా ఉపన్యాసం పైకి చదువుకుంటున్నాను. పర్యావరణాన్ని కాపాడితే కంపెనీలకే మేలని ఊరూరా చెప్పడం నా ఉద్యోగం.

"మొదటి లాభం, వాడిన నీటిని శుద్ధి చేసుకుంటే ఖర్చు తగ్గుతుంది. రెండో లాభం, విదేశాలవాళ్లు మన సరుకే కొంటారు."

పక్కన ఖాళీ చేపల బుట్టతో కూర్చున్న పెద్దావిడ నావైపు తిరిగింది.

"నీళ్లు సుబ్బరం సేత్తే కంపినీకి లాభవా, బావూ?"

"అవునమ్మా."

"మరిన్నాళ్లూ ఎందుకు సెయ్యనేదు?"

నేను కాగితాలు తిరగేశాను. ఆవిడకు కోపం ఉన్నట్టు లేదు. బుట్ట అంచు తడుముతూ చెప్పింది.

"మాం కూడా లాభంతోనే ఎంచుతాం. మొదటి సేపని ఒకటి అనం. లాభం, రెండు, మూడు అంటాం. మా ఆయన వల తెత్తే ఎంచి ఎంచి నోరు నొప్పెట్టీది. కంపినీ కాలవ మా సముద్రంలో కలిసినకాడి నుంచి లాభం అంటన్నాను, రెండు అందామంటే బుట్టలో సేప ఉండట్లేదు."

రైలొచ్చింది. ఆవిడ జనరల్ పెట్టెవైపు వెళ్లిపోయింది.

ఆ ఉపన్యాసం ఇప్పటికీ ఇస్తున్నాను. మొదటి లాభం చెప్పాక, రెండోది అనబోయి ఎందుకో ఆగిపోతాను. దాహమేస్తోందనుకుని ఎవరో ఒకరు మంచినీళ్ల గ్లాసు ముందుకు జరుపుతారు.